గాలిలో పిడికిలి

“నేనే వదిలానండి. నా చేతులే వదిలేశాయి. ఇంకేం చెప్పమంటారు?”

లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చున్న వీరబాబు ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి విన్నప్పుడు ఉషారాణి జాలిపడింది. రెండోసారి విసుక్కుంది. మూడోసారి చెవులు రిక్కించింది. అబద్ధమాడేవాడు మాట మారుస్తాడు, నిజం చెప్పేవాడు మాట పెంచుతాడు. ఒకే ముక్కను ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు మాత్రం దాని వెనక ఇంకేదో దాస్తాడు. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం వయసు గడిపి, ఆనక రాజమండ్రిలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టుకున్న మనిషికి ఆ మాత్రం తెలియకపోతే బోర్డు దించేసుకోవడం మంచిది.

“వదిలింది నువ్వేనని ఊరంతా అంటోంది. ఎందుకు వదిలావని అడుగుతున్నాను.”

వీరబాబు తన చేతుల వంక చూసుకున్నాడు. గోదావరిలో వల విసిరి విసిరి కాయలు కాచిన చేతులవి. వాటి వాటం చూసే పంచదార ఫ్యాక్టరీ వాళ్ళు అతణ్ణి పనిలో పెట్టుకున్నారు. నిడదవోలు దగ్గరున్న ఆ ఫ్యాక్టరీలో, లారీల మీంచి చెరకు కట్టలు ఎత్తే క్రేను కేబిన్‌లో ఇప్పుడు మనిషి ఉండడు. యార్డుకి దూరంగా ఆఫీసు మేడ మీద ఏసీ గదిలో, కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటాడు. అందులో యార్డంతా కళ్ళముందే ఉన్నట్టు కనిపిస్తుంది. గది మాత్రం కనిపించదు. ఇక్కడ గాలిలో పిడికిలి బిగిస్తే అక్కడ ఉక్కు పంజా చెరకు కట్టను పట్టుకుంటుంది. చెయ్యి పైకెత్తితే కట్ట లేస్తుంది, పక్కకి జరిపితే క్రేను జరుగుతుంది.

మొన్న బుధవారం ఈ సీజన్‌కి మొదటి రోజు. పొద్దున్నే ఆఫీసులో సత్యనారాయణ వ్రతం చేశారు. తర్వాత, ఎప్పుడూ ఉన్న ఆనవాయితీ ప్రకారం, మొదటి కట్టను పైకెత్తి ఆపారు. చెరకును మిల్లులోకి మోసుకుపోయే క్యారియర్ దగ్గర యజమాని జానకిరామ్ కొబ్బరికాయ కొట్టి పక్కకి తప్పుకున్నాక కట్టను వదలాలి. ఆయన కాయ పట్టుకుని చెయ్యెత్తాడు. కట్ట ఆయన మీదే పడింది. చెరకు లాగి చూసేసరికి ప్రాణం లేదు.

“ఆ టైములో గదిలో నీతోపాటు ఎవరున్నారు?”

“ఎవరూ లేరండి.”

ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు వచ్చి పడింది. అంతవరకూ ప్రతి మాటకీ ముందు గుటకలు మింగిన మనిషికి ఈ ఒక్క జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఉషారాణి దాన్ని మనసులో పక్కన పెట్టుకుంది.

“నీ భార్య లోవలక్ష్మి నిన్న నా ఆఫీసుకి వచ్చింది. ఎలాగైనా నిన్ను బయటికి తెమ్మని ఏడ్చింది.”

రాయిలా కూర్చున్నవాడు ఉలిక్కిపడి లేచాడు. “దాన్ని తిరగొద్దని చెప్పండి మేడంగారూ! ఇంటికాడే ఉండమనండి. ఇందులో దానికేం సంబంధం లేదండి.”

“ఉందని ఎవరన్నారు?”

వీరబాబు మళ్ళీ గోడవార కూలబడ్డాడు. “నేనే వదిలానండి,” అన్నాడు నాలుగోసారి.

“అయిందా అండి ఉషారాణిగారూ?”

వెనక సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పల్లంరాజు కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ‘అండి’ అనే రెండక్షరాలతో చెంప ఛెళ్ళుమనిపించడం గోదావరి జిల్లాల వాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య. పల్లంరాజు అందులో పెద్ద చదువే చదివాడు.

“ముద్దాయి ఒప్పుకున్నాడు. మెషిను ఒప్పుకుంది. మీరొక్కరే ఒప్పుకోవట్లేదండి. మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటుగారి ముందు వాంగ్మూలం ఇస్తాడు. తనంతట తనే ఇస్తానన్నాడు, మేం చెయ్యి కూడా వెయ్యలేదు. మా దగ్గర చెప్పిన మాట కోర్టులో నిలబడదు గానీ, అక్కడ చెప్పిన మాటని బ్రహ్మదేవుడు కూడా చెరపలేడండి.”

“ఎందుకు చంపాడటండి?”

“అదీ అక్కడే చెప్తాడు లెండి.”

“అంటే మీకు తెలీదన్నమాట.”

పల్లంరాజు కాఫీ గుక్కెడు తాగి మాట మార్చాడు. “ఏమాటకామాటే, చంద్రరావుగారు దేవుడండి. పార్టనర్ని చంపినవాడని చూడకుండా నిన్న రాత్రీ, ఇవాళ పొద్దునా వీడికి ఇంటినుంచి భోజనం తెచ్చారు. పక్కన కూర్చుని తినిపించారు. లాయర్ని కూడా ఆయనే పెడతారట.”

చంద్రరావు అంటే ఆ ఫ్యాక్టరీలో జానకిరామ్‌తో సమానంగా వాటా ఉన్న రెండో యజమాని. అంత మంచితనం గురించి వింటే ఉషారాణికి తలనొప్పి వస్తుంది. ఇప్పుడూ వచ్చింది.

“ఆ గది చూడాలి,” అంది.

“రండి, నేనే చూపిస్తాను. మెషిను చేసిన కుర్రాడు హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. మీకు అర్థమయ్యేలా చెప్తాడండి.”

*

మెషిను చేసిన సుధాకర్‌కి ముప్పై దాటి ఉండవు. బెల్టుకి రెండు ఫోన్లు, మెళ్ళో ఒక ఐడీ కార్డు. మనిషి చావుకి కారణమైన గదిలో పుట్టినరోజు ఫంక్షన్‌కి వచ్చినవాడిలా తిరుగుతున్నాడు.

“సింపుల్‌గా చెప్తాను మేడం. మీ జనరేషన్‌కి ఇవన్నీ కొంచెం కష్టంగా ఉండచ్చు.”

“మీ జనరేషన్ మెషిను మా జనరేషన్ మనిషిని చంపేసింది కదా, అంతకంటే కష్టం ఏముంటుంది? చెప్పండి.”

సుధాకర్ మొహం కొంచెం మాడింది గానీ, తన సొంత గొడవ మొదలయ్యేసరికి మళ్ళీ వెలిగింది. హెడ్‌సెట్ ముందున్న కెమెరాలు వేళ్ళ కీళ్ళను క్షణక్షణం చూస్తాయన్నాడు. మెషిను చేతుల కదలికలు తప్ప మరేదీ దాచుకోదన్నాడు. గదిలో మాటలు గానీ మనుషులు గానీ అందులో ఉండరు.

“మొదట్లో పిడికిలి విప్పితే కట్ట పడేలా ఉండేది. అది డేంజర్ మేడం. తుమ్మొచ్చి విప్పినా పడిపోతుంది, దురదపుట్టి గోక్కున్నా పడిపోతుంది. అందుకని మంగళవారం సాయంత్రం మార్చేశాం. ఇప్పుడు పిడికిలి విప్పినా పంజా వదలదు. రెండు అరచేతులూ పైకి తెరిచి, ఒకదాని దగ్గరికి ఇంకోటి తెచ్చి, ముందుకి చాపాలి. అప్పుడే వదులుతుంది. పని కట్టుకుని చేస్తే తప్ప ఎవరూ అలా చెయ్యరు. నా ఐడియానే.” కాలరు ఎగరేయడం ఒక్కటే తక్కువ.

“విన్నారా అండి?” అన్నాడు పల్లంరాజు. “పని కట్టుకుని! కోర్టులో ఈ ఒక్క ముక్క చాలు.”

“ఆ రోజు చేతులు చూపించండి.”

సుధాకర్ గోడమీది తెరలో బొమ్మ ఆడించాడు. నల్లటి తెరమీద నీలం రంగు ఎముకల్లా రెండు చేతులు కనిపించాయి. కుడిచెయ్యి పిడికిలి బిగించి నిశ్చలంగా ఉంది. ఎడమది కిందికి వాలి ఉంది. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి రెండూ కదిలాయి. పిడికిలి విచ్చుకుంది. ఎడమచెయ్యి లేచి కుడిచేతి కిందికి చేరింది. రెండూ కొంచెం గుంటపడి, ముందుకి సాగాయి. మరుక్షణం కుడిచెయ్యి ముఖందాకా లేచి ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత రెండు చేతులూ వణకడం మొదలుపెట్టాయి.

“అదిగో,” అన్నాడు పల్లంరాజు. “చేసిందంతా చేసి, హెడ్‌సెట్ పీకి పారిపోదామనుకున్నాడు.”

“పారిపోయాడా?”

“లేదు. కుర్చీలోనే దొరికాడు.”

“హెడ్‌సెట్ తీశాడా?”

“మావాళ్ళే తీశారు.”

“మరి పారిపోవాలనుకున్నది ఎవరండి, మీరా?” ఉషారాణి తెరవైపు తిరిగింది. “మళ్ళీ వెయ్యండి సుధాకర్. పంజా ఎప్పుడు తెరుచుకుంది?”

“చేతులు చాపినప్పుడే కమాండ్ వెళ్ళింది. పంజా పూర్తిగా విచ్చుకోడానికి కొంచెం టైము పడుతుంది. అతని కళ్ళకి ఆ బొమ్మ రావడానికి ఇంకొంచెం.”

అంటే చెయ్యి ముఖంవైపు లేచేసరికి, ఏం జరిగిందో వీరబాబు ఇంకా చూడలేదు. చంపేశానని తెలిసి లేచిన చెయ్యి కాదది. ఇంకెందుకో లేచింది. ఉషారాణి మరోసారి ఆడించమంది. సుధాకర్ నిట్టూర్చాడు. పల్లంరాజు వాచీ చూసుకున్నాడు. ఇద్దరి అసహనం కలిపినా ఆమె మొండితనంలో సగానికి రాదు.

బల్లమీద వీరబాబు పెట్టుకున్న హెడ్‌సెట్ ఉంది. దాన్ని ఫొటో తీసి, గదికి తాళం వేసి, దర్యాప్తు పూర్తయినట్టు పోలీసులు చేతులు దులుపుకున్నారు. బల్లకోడు వెంట సన్నటి చీమల బారు పాకి, నేరుగా హెడ్‌సెట్ కిందికి వెళ్తోంది.

“చీమలు,” అంది ఉషారాణి.

పల్లంరాజు పడీపడీ నవ్వాడు. “పంచదార ఫ్యాక్టరీలో చీమలు కాక ఏనుగులుంటాయా అండి?”

“కింద గోడౌన్‌లో కొండంత పంచదార ఉంది. దాన్ని వదిలేసి ఇవి మేడమెట్లెక్కి, తాళం వేసిన తలుపు కిందనుంచి దూరి ఇక్కడికి ఎందుకొచ్చాయంటారు? మీ ఏసీ కోసమా?”

చేతిరుమాలుతో హెడ్‌సెట్ పట్టుకుని తిరగేసింది. ముక్కుమీద ఆనే నురుగు మెత్త కింద ఒక జిడ్డు మరక. అందులో అతుక్కుని ఎండిపోయిన రెండు గోధుమరంగు పలుకులు. వాసన చూసింది. నెయ్యి, బెల్లం. ఆ పలుకు గోధుమరవ్వ. వంటగది ఎరిగిన ఆడదానికి అంతకుమించిన ఫోరెన్సిక్ లాబొరేటరీ అక్కర్లేదు. అక్కర్లేని లాబొరేటరీకి కూడా పంపని పల్లంరాజుని చూస్తే ఆమెకి రోతపుట్టింది.

“టిఫిను చేసిన చెయ్యి తుడుచుకుని ఉంటాడు,” అన్నాడు పల్లంరాజు, గొంతు కాస్త తగ్గించి.

“ముక్కుకి తుడుచుకుంటారా మీ ఇంట్లో?”

ఆమె బుర్రలో ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఇప్పుడే బయటపెడితే మాత్రం ఈ మనిషి ఒప్పుకోడు. చెప్తే వినేవాళ్ళుంటారు, చూస్తే నమ్మేవాళ్ళుంటారు. పల్లంరాజు మూడో రకం. తనకి తగిలితే గానీ నొప్పంటే తెలియదు.

“రాజుగారూ, ఈ కుర్చీలో కూర్చుని ఒక్క రెండు నిమిషాలు కట్టని పట్టుకుని ఉండగలరా మీరు?”

“నేనా?”

“వీరబాబంటే వల విసిరే మనిషి, చేతులు కుదురుగా ఉంటాయి. మీకు కాఫీ గ్లాసు పట్టుకుంటేనే వణుకుతోంది కదా అని అడిగాను.”

“ఇది రివాల్వరు పట్టిన చెయ్యండి!” పల్లంరాజు టోపీ తీసి బల్లమీద కొట్టాడు. “తగిలించవయ్యా సుధాకర్. రెండు నిమిషాలు కాదు, రెండు గంటలు పట్టుకుంటాను. వదలాలంటే ఏం చెయ్యాలో ఇప్పుడేగా విన్నాను, అది చెయ్యకుండా ఉంటే సరి. అదేం బ్రహ్మవిద్యా?”

సుధాకర్ ఇంకో హెడ్‌సెట్ తెచ్చాడు. కింద యార్డులో మనుషులందర్నీ తప్పించి, క్యారియర్ చుట్టూ తాడు కట్టించారు. ఈ హడావిడి విని లోవలక్ష్మి పైకి వచ్చింది. ఆమె ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేస్తుంది. నాలుగు టీ గ్లాసులున్న ట్రే పట్టుకుని, భర్త గురించి ఏమైనా తెలుస్తుందేమోనని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఉషారాణి ఆమెను చూసి తల పంకించింది.

పల్లంరాజు హెడ్‌సెట్ పెట్టుకుని పిడికిలి బిగించాడు. కిటికీలోంచి చూస్తే దూరంగా యార్డులో ఉక్కు పంజా కట్టను కరుచుకుంది. చెయ్యెత్తాడు. చెరకు కట్ట లేచి క్యారియర్ మీదికి వచ్చి ఆగింది. బొమ్మకారు దొరికిన పిల్లాడిలా అతని మొహం విప్పారింది.

“చూశారా అండి? కొండలా ఉన్నాను. ఆ చేపలు పట్టేవాడు చెయ్యగలిగింది నేను చెయ్యలేనా? అసలు మీలాంటివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది ఉషారాణిగారూ. కళ్ళముందున్నది నమ్మరు. ఆ వెధవ ఒప్పుకున్నా మీరు ఒప్పుకోరు. ఇన్సూరెన్సులో మీరు పట్టుకున్న దొంగలు వేరు, హంతకులు వేరండి…”

అతన్ని అలాగే మాట్లాడనిచ్చి, ఉషారాణి కుర్చీ ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతులో వెటకారం అంతా తీసేసి, వ్రతం పీటల దగ్గర ముత్తయిదువ పిలిచినట్టు మెత్తగా పిలిచింది.

“రాజుగారూ, స్వామివారి ప్రసాదం. తీసుకోండి.”

మాట ఆగింది. తల కొంచెం వంగింది. పిడికిలి విచ్చుకుంది. ఎడమచెయ్యి వచ్చి కుడిచేతి కింద చేరింది. రెండు చేతులూ దోసిలిగా ముందుకి సాగాయి.

దూరంగా యార్డులో చెరకు కట్ట ఫెళఫెళమని క్యారియర్ మీద కూలింది. కిటికీ అద్దాలు అదిరాయి.

“ఏదండీ?” అన్నాడు పల్లంరాజు, చాపిన చేతులు చాపినట్టే ఉంచి.

అతను ఇంకో క్షణం ప్రసాదం కోసం ఎదురుచూసి, అప్పుడు హెడ్‌సెట్‌లో కుప్పపడ్డ చెరకు చూసి, కాలినవాడిలా చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“ఇదీ సంగతి,” అంది ఉషారాణి. “ప్రసాదం అంటే చెయ్యి ముందు పోతుంది, బుర్ర తర్వాత వస్తుంది. ఎడమచేత్తో తీసుకోం. ఒంటిచేత్తో తీసుకోవడం మర్యాద కాదని చిన్నప్పుడే మొట్టి నేర్పిస్తారు. తీసుకున్నాక కళ్ళకద్దుకుంటాం. వీరబాబూ అద్దుకున్నాడు, హెడ్‌సెట్ అడ్డం తగిలింది. ఆ జిడ్డు అక్కడే ఉంది. చీమలకి దొరికింది, మీకు దొరకలేదు. రాజుగారూ, మీరు ఇప్పుడు కట్ట వదిలారు కదా, పని కట్టుకుని వదిలారా?”

పల్లంరాజు మొహం కందగడ్డలా అయింది. నోట్లోంచి ‘అండి’ కూడా రాలేదు.

“అయితే సుధాకర్,” ఉషారాణి అటు తిరిగింది, “ఎవరూ చెయ్యరనుకున్న సైగని ఈ జిల్లాలో ప్రతివాడూ చేస్తాడు. ఆ సంగతి ఎరిగినవాడే దాన్ని పెట్టించాడు. మీ ఐడియానే అన్నారు కదా?”

గుమ్మడికాయల దొంగ అనకముందే సుధాకర్ భుజాలు తడుముకున్నాడు. “నాది కాదు మేడం! ఒట్టు! చంద్రరావుగారు చెప్పారు. మంగళవారం సాయంత్రం ఇదే గదిలో నిలబడి, చేతులు చాపి చేసి చూపించారు. ఇలా పెట్టు బాబూ, పొరపాటున ఎవరూ చెయ్యరు, సేఫ్టీగా ఉంటుంది అన్నారు. బాగుందనిపించింది. కంపెనీలో నీ ఐడియా అనే చెప్పుకో, నాకెందుకు ఈ పేరంతా అన్నారు.”

“చెప్పుకున్నారు.”

“చెప్పుకున్నాను మేడం.”

ఇంకొకడి ఆలోచనకి తన పేరు తగిలించుకోవాలనే ఆశ ఒక నిండు ప్రాణానికి ఉరి బిగించబోయింది. హంతకుడికి కనీసం ధైర్యం ఉంది, వీడికి అదీ లేదని ఉషారాణికి అసహ్యం వేసింది. ఈ సీజను కాగానే వాటాలు పంచుకుని విడిపోదామని జానకిరామ్ పట్టుబట్టిన సంగతి ఆఫీసులో అటెండరు దాకా తెలుసు. అది కూడా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే చంద్రరావుగారు మంచివారు.

గుమ్మం దగ్గర ట్రే కిందపడి గ్లాసులు భళ్ళున పగిలాయి.

లోవలక్ష్మి పల్లంరాజు చేతులవైపే చూస్తోంది. అతను వాటిని ఒళ్ళో దాచుకున్నా ఇంకా అక్కడే చూస్తోంది.

“ఆయన చేతుల్లో ప్రసాదం పెట్టింది నేనేనండి,” అంది.

ఉషారాణి గిర్రున ఆమెవైపు తిరిగింది.

“నిన్న అడిగాను కదమ్మా, ఆ గదిలోకి ఎవరెళ్ళారని?”

“ఎవరూ వెళ్ళలేదని చెప్పానండి. నేను పని మీద వెళ్ళలేదు కదండీ, ప్రసాదం పెట్టేసి వచ్చేశానంతే. కింద క్యాంటీన్‌లో పని ఉందని వెనక్కి తిరిగి చూడలేదు. గుమ్మం దాటుతుంటే చెరకు పడిన చప్పుడైంది. కాయ కొట్టేసి ఉంటారు, మొదటి కట్ట వదిలారనుకున్నాను.”

గంటసేపటినుంచి గదిలో ఉన్న ప్రతివాణ్ణీ ఈసడించుకున్న ఉషారాణికి ఇప్పుడు ఆ ఈసడింపు తనవైపే తిరిగింది. ప్రసాదం తెచ్చే మనిషిని ఎవరూ వచ్చినవాళ్ళలో లెక్కపెట్టరు. అడగాల్సిన ప్రశ్న అడగకుండా, తనూ లెక్కపెట్టలేదు. వీరబాబు మాత్రం పెళ్ళాం గొంతు గుర్తుపట్టాడు. ఎవరూ లేరండి అని ప్రశ్నకంటే ముందే చెప్పిన జవాబు ఆమె కోసమే. ఆ మనిషి లాకప్పులో దాస్తున్నది తన నేరాన్ని కాదు, భార్యని.

పల్లంరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. “ఓహో! అయితే మొగుడూ పెళ్ళాం కలిసే చేశారన్నమాట!”

“ఇందాక మీరు కట్ట వదిలింది ఎవరితో కలిసండి?” అంది ఉషారాణి. “ప్రసాదం అన్నది నేను. నన్ను కూడా లోపల వేస్తారా?” పల్లంరాజు తల దించుకున్నాడు. ఆమె లోవలక్ష్మి దగ్గరికెళ్ళి భుజం పట్టుకుంది. “నిన్ను ఎవరు పంపారమ్మా?”

“చంద్రరావుగారండి. పాపం మీ ఆయన ఒక్కడికే అందలేదమ్మా, పైన కూర్చుండిపోయాడు అన్నారు. ఆయనే స్వయంగా ఆకులో పెట్టిచ్చారండి. జానకిరామ్‌గారు కాయ కొట్టేలోగా ఇచ్చేసి రా, ఆలస్యం చెయ్యకు అన్నారు.”

“కాయ కొట్టేలోగా అన్నారా?”

“రెండుసార్లు అన్నారండి. మాలాంటోళ్ళని కూడా గుర్తుపెట్టుకున్నారే అని…” లోవలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “దణ్ణం పెట్టానండి ఆయనకి.”

ఉషారాణి గోడ గడియారం చూసింది. రెండు దాటింది.

“రాజుగారూ, ఫోను!”

ఈసారి పల్లంరాజు ఎదురుచెప్పలేదు. వీరబాబుని కోర్టుకి తీసుకెళ్ళిన కానిస్టేబుల్‌కి ఫోను కలిపి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాడు.

“బుల్లియ్యా, వాణ్ణి లోపలికి పంపకు. ఆపు. మేజిస్ట్రేటుగారితో నేను మాట్లాడతాను.”

“ఆయ్, అయిపోయిందండి. ఇప్పుడే బయటికొచ్చాడు.”

“ఏం చెప్పాడు?”

“లోపల ఏం చెప్పాడో మాకు తెలీదు కదండి. బయటికొచ్చాక ఒక్కటే అన్నాడు. చంద్రరావుగారికి కబురు చెప్పమన్నాడండి. ‘ఆయన చెప్పినట్టే, కోపంతో కావాలనే చంపానని ఒప్పేసుకున్నాను, ఇంక మా లోవ పేరు ఎవరూ ఎత్తరు కదా’ అన్నాడండి.”

పల్లంరాజు ఫోను కట్టేశాడు. అతని ‘దేవుడు’ లాకప్పులో పక్కన కూర్చుని ఏం తినిపించాడో ఇప్పుడు అతనికీ అర్థమైంది. లోవలక్ష్మి గదిలోకి వెళ్ళినట్టు వీరబాబు ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి తెలిసింది ఆమెను పంపినవాడికే. దాన్ని కత్తిలా పట్టుకుని, ఆ అమాయకుడి మెడమీద ఆనించి, పక్కనే కూర్చుని అన్నం కలిపి పెట్టాడు.

“ఇప్పుడేంటండి?” అన్నాడు పల్లంరాజు. మొట్టమొదటిసారి ఆ ‘అండి’లో మర్యాద ఉంది.

“మీ బ్రహ్మదేవుడు చెరపలేని మాట అక్కడ రాసేసుకున్నారు. దానికి ఎదురు నిలిచే సాక్ష్యం ఒక్కటే ఉంది.” ఉషారాణి లోవలక్ష్మివైపు చూసింది. “ఈవిడ నోరు. ఈవిడ బతికుంటే వీరబాబు బయటికొస్తాడు. లేకపోతే రాడు.”

కింద పోర్టికోలో కారు ఆగిన చప్పుడైంది. తలుపు తెరిచి మూశారు. మెట్ల కిందనుంచి ఒక గొంతు, నిదానంగా, తీయగా పైకి వచ్చింది.

“లోవలక్ష్మీ! ఎక్కడున్నావమ్మా? రా, మీ ఆయన్ని చూపిస్తాను. కారు తెచ్చాను.”

“వస్తున్నానండీ!” అంది లోవలక్ష్మి.

అనేసింది. మొగుణ్ణి ముంచింది ఎవరో తెలిసి నిమిషం కాలేదు, అయినా ఆ గొంతు పిలవగానే నోరు పలికింది, కాలు గుమ్మం దాటబోయింది. ఉషారాణి ఆమె మోచెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపు మూసి గడియ పెట్టింది.

“పర్వాలేదమ్మా, నువ్వు దిగకు,” అంది మెట్ల మీద ఆ మంచి గొంతు. “నేనే పైకి వస్తున్నాను.”